మొక్కల హార్మోన్లు కలిపితే మురుగునీటి శుద్ధి మెరుగవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సెప్టిక్ ట్యాంకు దాటి వచ్చిన ఇళ్ల మురుగునీరు రోజుకు సుమారు 10 ఘనమీటర్లు, 100 చదరపు మీటర్ల గులకరాళ్ల బెడ్‌లోంచి పోతోంది. నీరు పైకి కనబడకుండా రాళ్ల మధ్య అడ్డంగా పారుతుంది. పైన మెట్టతామర, జమ్ము నాటారు. సీఓడీ (నీటిలోని సేంద్రియ మురికికి కొలత) బాగానే దిగుతోంది కానీ అమ్మోనియా నత్రజని లీటరుకు 40 మి.గ్రా. లోపలికి వస్తే 30 మి.గ్రా. బయటికి పోతోంది. ఐఏఏ, జిబ్బరెల్లిక్ ఆమ్లం లాంటి హార్మోన్లు నీళ్లలో కలిపితే మొక్కలు ఏపుగా పెరిగి శుద్ధి కూడా పెరుగుతుందని చదివారు. ఏది వాడాలి, ఎంత కలపాలి, రోజూ వేయాలా అని అడిగారు. బయటికొచ్చే నీటిని తోటకు పెడతామని కూడా రాశారు. ఆ చివరి మాటకు మళ్లీ వస్తాను.

ముందు సూటిగా జవాబు. మురుగునీటిలో హార్మోన్ కలపొద్దు. మీ అమ్మోనియా సమస్యకు అది మందు కాదు. హార్మోన్లు అసలు పనికిరావని నేను అనడం లేదు. కొత్తగా నాటేటప్పుడు దుంపల్ని, పిలకల్ని ముంచి నాటడానికి ఆక్సిన్లు, అంటే ఐఏఏ లాంటి వేళ్లు పుట్టించే హార్మోన్లు, బాగా పనిచేస్తాయి. ఉప్పు వల్లో, లోహాల వల్లో మొక్కలు దెబ్బతిన్నప్పుడు ఆకుల మీద కొన్నింటిని పిచికారీ చేస్తే కోలుకోవడం తేలికవుతుంది. తేలే మొక్కలు పెంచి, తరచూ తీసేసే చెరువుల్లో లెక్క ఇంకొంచెం మారుతుంది. అడ్డంగా పారే గులకరాళ్ల బెడ్‌లో, మొక్కలు ఇప్పటికే కుదురుకున్నాక, రోజూ మోతాదు వేసి అమ్మోనియా దించడం మాత్రం జరిగే పని కాదు.

ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం.

రోజుకు 10 ఘనమీటర్లు, లీటరుకు 40 మి.గ్రా. అంటే మీ బెడ్‌లోకి రోజూ 400 గ్రాముల అమ్మోనియా నత్రజని వస్తోంది. బయటికి 300 గ్రాములు పోతోంది. దాన్ని లీటరుకు 10 మి.గ్రా.కు తేవాలంటే ఇంకో 200 గ్రాములు పోవాలి. ఇప్పుడు మొక్కలు ఎంత తీసుకోగలవు? చెక్ శాస్త్రవేత్త యాన్ వైమజల్ 2007లో రాసిన సమీక్ష ఈ రంగంలో అందరం చూసేదే. అందులో, మురుగు భారం తక్కువ ఉన్న బెడ్లలో పైభాగాన్ని కోసి తీసేస్తే ఏడాదికి చదరపు మీటరుకు సుమారు 100 నుంచి 200 గ్రాముల నత్రజని బయటికి పోవచ్చని ఉంది. మీ 100 చదరపు మీటర్లకు అది రోజుకు 27 నుంచి 55 గ్రాములు. అదీ మీరు క్రమం తప్పకుండా కోసి, బెడ్‌కు దూరంగా తీసుకెళ్లి పడేస్తేనే. కోయకుండా వదిలేస్తే ఎండిన ఆకులు అక్కడే కుళ్లి, తీసుకున్న నత్రజనిలో చాలా భాగం మళ్లీ నీళ్లలోకే వస్తుంది.

మాట వరసకు హార్మోన్ వల్ల పెరుగుదల 20 శాతం ఎక్కువైంది అనుకుందాం. అదనంగా తీసేది రోజుకు 5 నుంచి 11 గ్రాములు. మీకు పోవాల్సింది 200. లీటరు లెక్కలో చెబితే 30 ఉన్నది 29 దగ్గరికి వస్తుంది. చేత్తో చేసే అమ్మోనియా కిట్‌లో రెండుసార్లు కొలిస్తేనే అంత తేడా రావచ్చు.

మిగతా అమ్మోనియా ఎవరు తీయాలి? బ్యాక్టీరియా. వాటికి కావలసింది ఆక్సిజన్. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 200 గ్రాములకు 900 గ్రాములు దాటుతుంది, అంటే రోజూ చదరపు మీటరుకు 9 గ్రాములు. అదీ సీఓడీని కాల్చడానికి పోయేది కాక. వేళ్లు కొంత ఆక్సిజన్ వదులుతాయి, నిజమే. జమ్ము, కిక్కిస లాంటి మొక్కలు ఆకుల నుంచి గాలిని లోపలి గొట్టాల గుండా వేళ్ల దాకా పంపుతాయి, అందులో కొంత వేరు చివర్ల దగ్గర బయటికి కారుతుంది. ఎంత కారుతుందన్న కొలతల్లో పెద్ద తేడాలున్నాయి కానీ, నిండుగా మురుగు పారే బెడ్ అవసరంతో పోలిస్తే అది చిన్న భాగమేనన్నది ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది అభిప్రాయం. నాదీ అదే. మొక్క చేసే అసలు మేలు వేరే రకంగా ఉంటుంది. వేళ్ల మీద బ్యాక్టీరియా పొర కట్టడానికి చోటు దొరుకుతుంది, వేళ్లు వదిలే చక్కెరలు, ఆమ్లాలు వాటికి తిండి అవుతాయి, వేళ్లు దారులు చేసుకుంటూ పోవడం వల్ల బెడ్ అంత త్వరగా పూడుకుపోదు. కాబట్టి హార్మోన్ గురించి ఆలోచించేటప్పుడు "ఆకు ఎంత పెరిగింది" కంటే "వేరు ఎంత లోతుకు, ఎంత దట్టంగా పోయింది" అన్నదే చూడాలి.

ఇక మీరు నీళ్లలో కలుపుదామనుకున్న ఐఏఏ సంగతి. మొక్కల్లో ఉండే ప్రధానమైన ఆక్సిన్ ఇదే. దీన్ని 1934లో కోగ్ల్ అనే శాస్త్రవేత్త బృందం విడదీసింది మొక్కలోంచి కాదు, మనుషుల మూత్రంలోంచి. మన ఒంట్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం విరిగినప్పుడు ఐఏఏ కొంత తయారై మూత్రంలో పోతుంది. పైగా మురుగులో ఉండే బ్యాక్టీరియాలో చాలా రకాలు కూడా ట్రిప్టోఫాన్ నుంచి ఐఏఏ తయారుచేస్తాయి. అంటే మీ బెడ్‌లోకి వచ్చే నీటిలో మీరు వేయకముందే ఆక్సిన్ ఉంది. దాన్ని తినేసే బ్యాక్టీరియా కూడా అక్కడే ఉంది. సూడోమోనాస్ పుటిడాలో 1290 అనే రకం ఐఏఏనే ఏకైక కర్బనంగా, నత్రజనిగా వాడుకుని బతకగలదని తేలింది. వెలుతురుకు కూడా ఐఏఏ తట్టుకోదు. అంత ఆకలిగా ఉన్న మురుగులో మీరు వేసిన హార్మోన్ బెడ్ మొదట్లోనే బ్యాక్టీరియా నోట్లోకి పోతుంది. చివరి మొక్క దాకా చేరడం కల్ల.

చేరినా, సరైన మోతాదులో చేరుతుందన్న నమ్మకం లేదు. ఆక్సిన్‌తో చిక్కు ఇదే. కాండం దగ్గర కొత్త వేళ్లు పుట్టించడానికి ఎక్కువ మోతాదు కావాలి, పుట్టిన వేరు సాగడానికి మాత్రం అతి తక్కువ ఉంటే చాలు. ఐఏఏ ఒక మైక్రోమోలార్ అంటే లీటరుకు 0.175 మి.గ్రా. ఆ స్థాయికే చాలా మొక్కల్లో లేత వేరు సాగడం తగ్గుతుంది, పక్కవేళ్లు మాత్రం ఎక్కువొస్తాయి. ఇంకా పెంచితే మొక్క తన ఒంట్లో ఎథిలీన్ అనే వాయురూప హార్మోన్ తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది, వేళ్లు పొట్టిగా, లావుగా అయిపోతాయి. మరీ ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే గుర్రపు డెక్క మీద కొట్టే కలుపుమందు 2,4-డి చాలు. అదీ కృత్రిమ ఆక్సినే. పెంచే మందూ చంపే మందూ ఒకే కుటుంబం, మోతాదే తేడా. మీరు నీళ్లలో కలిపే పద్ధతిలో బెడ్ మొదట్లో ఉన్న మొక్కకు ఎక్కువ, చివర ఉన్నదానికి సున్నా.

ఇక ద్రావణిలో, అంటే హార్మోన్‌ను కరిగించే ద్రవంలో, ఉన్న మోసం. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఐఏఏ, అలాంటి ఆక్సిన్లే అయిన ఐబీఏ, ఎన్ఏఏ ఆమ్ల రూపంలో నీళ్లలో సరిగా కరగవు. ముందు ఆల్కహాల్‌లో కరిగించి ఆ తర్వాత నీళ్లలో పోస్తారు. మీ 10 ఘనమీటర్లలో లీటరుకు 0.2 మి.గ్రా. ఐబీఏ ఉండాలంటే రోజుకు 2 గ్రాముల ఐబీఏ కావాలి. లీటరు ఆల్కహాల్‌కు 10 గ్రాముల చొప్పున కరిగించారనుకోండి, రోజూ 200 మి.లీ. ఆల్కహాల్ బెడ్‌లోకి పోతుంది. అంటే సుమారు 330 గ్రాముల సీఓడీ, లీటరుకు 33 మి.గ్రా. చొప్పున! 0.2 మి.గ్రా. హార్మోన్ పక్కన 33 మి.గ్రా. బ్యాక్టీరియా తిండి. నైట్రేట్ ఉన్న నీటిలో ఆ ఆల్కహాల్ తిని బ్యాక్టీరియా నైట్రేట్‌ను వాయువుగా మార్చేస్తుంది, "హార్మోన్ వేస్తే నత్రజని తగ్గింది" అని మనం సంబరపడతాం. మీలాగా అమ్మోనియా దగ్గరే ఆగిపోయిన బెడ్‌లో అయితే ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ ఆ ఆల్కహాల్ కాజేస్తుంది, పరిస్థితి ఇంకా దిగజారుతుంది. హార్మోన్‌తో మురుగు శుద్ధి పెరిగిందని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది, "హార్మోన్ లేకుండా ఒట్టి ద్రావణి వేసిన తొట్టి పక్కన పెట్టారా?" అని. పెట్టకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెడతాను.

ఇప్పుడు ఒక్కో హార్మోన్ గురించి, నా అనుభవంలో ఎంత విలువ ఉందో అంతమేర.

ఆక్సిన్లలో నేను వాడేది ఐబీఏ. అప్పుడప్పుడు ఎన్ఏఏ. ఐఏఏ కంటే ఇవి రెండూ గట్టివి, త్వరగా విరిగిపోవు. ఒక వసతిగృహం స్నానాల నీటికి కట్టిన బెడ్‌లో మెట్టతామర నాటేటప్పుడు సగం దుంపల్ని ఐబీఏలో నానబెట్టి, సగం ఒట్టి నీళ్లలో నానబెట్టి, రెండు పక్కలా విడివిడిగా నాటించాను. ముంచిన పక్క పీచువేళ్లు ముందుగా వచ్చాయి, ఖాళీలు తక్కువ పడ్డాయి, బెడ్ ముందు కప్పుకుంది, కలుపు తీసే పని తగ్గింది. పూర్తి నీటిని ఆ పక్కకు ముందుగా వదలగలిగాం. తర్వాతి ఏడాదికి రెండు పక్కలకీ తేడా కనబడలేదు, బయటికొచ్చే నీటిలోనూ లేదు. హార్మోన్ కొనిపెట్టేది ఆ మొదటి కొన్ని నెలల్నే. కొత్త బెడ్ కుదురుకోవడానికి ఒకటి నుంచి మూడు పెరుగుదల కాలాలు పట్టే రంగంలో అది తక్కువ లాభమేం కాదు.

సైటోకైనిన్లు, అంటే కైనెటిన్, బీఏపీ లాంటివి, ఆకు ముదిరి పండిపోవడాన్ని ఆపుతాయి, కొత్త మొగ్గల్ని లేపుతాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఆక్సిన్‌కూ సైటోకైనిన్‌కూ మధ్య నిష్పత్తిని బట్టి మొక్క వేరు వైపు మొగ్గాలా, చిగురు వైపు మొగ్గాలా అన్నది తేలుతుందని స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లోనే చూపించారు. సైటోకైనిన్ ఎక్కువైతే పక్కవేళ్లు తగ్గుతాయి. మీ నీటిలో నత్రజని దండిగా ఉంది కదా, నైట్రేట్ అందితే వేళ్లు తమంతట తామే సైటోకైనిన్ తయారుచేసి పైకి పంపుతాయి. మురుగు బాగా దొరికే బెడ్లలో ఆకులు విపరీతంగా, వేళ్లు పైపైనే ఉండడానికి ఇదీ ఒక కారణం. ఇప్పటికే చిగురు వైపు మొగ్గి ఉన్న మొక్కను ఇంకా అటే నెట్టడం గులకరాళ్ల బెడ్‌లో మనకు అక్కర్లేదు.

జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని నేను ఈ పనికి అసలు సిఫారసు చేయను. అది కాడల్ని సాగదీస్తుంది, బరువును అంతగా పెంచదు, పైగా కొత్త వేళ్లు పుట్టడాన్ని అడ్డుకుంటుంది. నన్ను చూడటానికి పిలిచిన ఒక గుర్రపు డెక్క చెరువులో జీఏ3 (జిబ్బరెల్లిక్ ఆమ్లమే) పిచికారీ చేయించారు. మొక్కలు చూస్తుండగానే పొడుగయ్యాయి, అందరూ మురిసిపోయారు. తీరా చూస్తే ఆకుకాడల్లోని బుడగలు సన్నబడి, మొక్కలు నిలకడ తప్పి, గాలికి మొత్తం ఒక మూలకు కొట్టుకుపోయాయి. మధ్యలో నీరు తెరుచుకుని ఆకుపచ్చ నాచు పట్టింది. పొడుగును చూసి పెరుగుదల అనుకోకండి. కోసి, ఆరబెట్టి, తూచి చూస్తేనే పెరుగుదల.

ఎథిలీన్ విషయం కాస్త సున్నితమైనది. ఒత్తిడిలో ఉన్న మొక్క వేళ్లలో ఎథిలీన్ పెరిగి వేరు కుంగుతుంది కాబట్టి, దాని ముడిపదార్థమైన ఏసీసీని విరిచే ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియాను వేళ్లకు పట్టించడం ఒక మంచి పద్ధతిగా పేరు తెచ్చుకుంది. పొలంలో, ఉప్పు నేలల్లో దాని మేలు కనబడుతుంది. నీళ్లలో నిలబడే మొక్కలకు మాత్రం ఎథిలీన్ శత్రువే అనుకోవద్దు. మునిగిన వేళ్లలో గాలి గొట్టాలు ఏర్పడాలన్న సంకేతం చాలా మొక్కల్లో ఎథిలీనే ఇస్తుంది. దాన్ని బాగా అణిచేస్తే వేరుకు గాలి అందే దారే సన్నబడవచ్చు. అందుకే మెట్ట పంటల ఫలితాలు చూపించి చిత్తడి మొక్కలకు అమ్మే డబ్బాలంటే నాకు అనుమానం.

సాలిసిలిక్ ఆమ్లం, బ్రాసినోస్టెరాయిడ్లు అనే హార్మోన్లు మొక్క ఒత్తిడి తట్టుకోవడానికి. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలాలు, లోహాలున్న నీళ్లు వచ్చేచోట ఆకుల మీద సాలిసిలిక్ ఆమ్లం అర మిల్లీమోలార్, అంటే లీటరుకు సుమారు 70 మి.గ్రా., సాయంత్రం పూట పిచికారీ చేయించాను. మొక్క నిలబడింది. ఇళ్ల మురుగులో ఆ అవసరం రాదు.

వాడేటట్టయితే ఇలా. మీరు బెడ్‌లో కొంత భాగం మళ్లీ నాటాల్సి వస్తే ఐబీఏ పొటాషియం లవణం తీసుకోండి, అది నీళ్లలోనే కరుగుతుంది, ఆల్కహాల్ గొడవ ఉండదు. కొమ్మల్ని తక్కువ మోతాదులో ఎక్కువసేపు నానబెట్టే పద్ధతిలో లీటరుకు 20 నుంచి 200 మి.గ్రా. దాకా వాడుక ఉంది. మెట్టతామర, జమ్ము సులువుగా వేరు పట్టేవి కాబట్టి నేను 50 దగ్గర మొదలుపెడతాను. దుంప ముక్కకు రెండు మూడు కళ్లు ఉండేట్టు కోసి, కోసిన చోటు ఆరాక, దుంప అడుగుభాగం మాత్రమే మునిగేట్టు ఒక రాత్రి నీడలో ఉంచాలి. కళ్లు మునగకూడదు, ఆక్సిన్ తగిలితే మొలక ఆలస్యమవుతుంది. తెల్లారి నాటేయాలి. కొన్ని దుంపల్ని ఒట్టి నీళ్లలో నానబెట్టి గుర్తుపెట్టి పక్కన నాటండి, లేకపోతే మీకు ఏం తెలియదు. వట్టివేరు పిలకలకూ ఇదే పద్ధతి, సమయం తగ్గించుకుంటే చాలు. తయారుచేసిన ద్రావణం దాచి మళ్లీ మళ్లీ వాడొద్దు.

హార్మోన్ కొనడం కష్టమైతే సముద్రపు నాచు సారం, వర్మీవాష్ లాంటివి ఉన్నాయి. వాటిలో సైటోకైనిన్లు, ఆక్సిన్లు, హ్యూమిక్ పదార్థాలు కొద్దికొద్దిగా ఉంటాయి. ఏ సీసాలో ఎంత ఉందో మాత్రం నమ్మకం లేదు. ముంచడానికి పర్వాలేదు, కానీ వాటితో వచ్చిన ఫలితాన్ని "హార్మోన్ ఫలితం" అనకండి, అందులో పొటాషియం కూడా ఉంటుంది.

ఇక తేలే మొక్కల సంగతి. డక్‌వీడ్ మంచి పరిస్థితుల్లో రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. దాన్ని తరచూ తీసేస్తూ ఉంటే, భారం తక్కువున్న నీటిలో, మొక్క తీసుకునే వాటా నిజంగానే పెద్దది. అక్కడ పెరుగుదల పెరిగితే శుద్ధీ పెరుగుతుంది. అయినా హార్మోన్ పోసే కంటే దాన్ని తయారుచేసే లేదా పెరుగుదలకు తోడ్పడే బ్యాక్టీరియాను వేళ్లకు అంటించడం నాకు నచ్చే దారి. డక్‌వీడ్ వేళ్ల నుంచి జపాన్‌లో తీసిన అసినెటోబ్యాక్టర్ కాల్కోఅసెటికస్ పీ23 అనే రకం మొక్క పెరుగుదలనూ పెంచుతుంది, ఫినాల్ అనే విష రసాయనాన్నీ విరుస్తుంది. అలాంటి జోడీ కుదిరితే మీరు రోజూ మోతాదు వేసే పని లేదు, వేరు మీద ఉన్నంతకాలం అదే పనిచేస్తుంది. చిక్కల్లా నిజమైన మురుగులో బయటి నుంచి తెచ్చిన బ్యాక్టీరియా నిలబడటం. అక్కడ ముందే ఉన్నవి దాన్ని సులువుగా నెట్టేస్తాయి. ప్రయోగశాలలో శుభ్రం చేసిన మొక్కల మీద వచ్చిన ఫలితం చెరువులో రాకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

గుర్రపు డెక్క ఉన్నచోట ఇంకో హెచ్చరిక. కోసే మనుషులు లేనిచోట దాని పెరుగుదల పెంచే ఆలోచన పెట్టుకోకండి. తప్పించుకుని కాలువల్లోకి పోతే ఆ తలనొప్పి మీ మురుగు కంటే పెద్దది.

మరి మీ అమ్మోనియాకు ఏం చేయాలి? బెడ్ లోతు అర మీటరు, రాళ్ల మధ్య ఖాళీ 40 శాతం అనుకుంటే లోపల పట్టే నీరు 20 ఘనమీటర్లే. అంటే నీరు రెండు రోజులు కూడా సరిగా నిలవడం లేదు, అదీ పూడిక లేకపోతే. అడ్డంగా పారే బెడ్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబట్టి అందులో గాలి ఆడదు, అమ్మోనియా దగ్గర చతికిలపడటం దాని స్వభావం. సీఓడీ తగ్గుతోందంటే మీ బెడ్ తన పని తాను చేస్తున్నట్టే. నేనైతే ఈ క్రమంలో వెళ్తాను. ముందు బయటికి పోయే గొట్టం ఎత్తు మార్చి నీటిమట్టాన్ని కొన్ని రోజులు దించి, కొన్ని రోజులు పెంచి చూడండి. దిగినప్పుడు రాళ్ల మధ్యకి గాలి వెళ్తుంది, వేళ్లు కూడా నీటిని వెతుక్కుంటూ కిందికి పోతాయి. అది చాలకపోతే, బెడ్‌కు ముందో వెనకో నిలువుగా పారే చిన్న బెడ్ కట్టి, నీటిని ఆగి ఆగి పైనుంచి వదలండి. రెండు విడతల మధ్య గాలి లోపలికి లాక్కుంటుంది. అమ్మోనియాకు అసలు మందు అదే. చోటు లేకపోతే ఇప్పుడున్న బెడ్ అడుగున గాలి గొట్టాలు వేసి చిన్న బ్లోయర్ పెట్టొచ్చు, కరెంటు ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) కూడా కొలవండి, ఒక గ్రాము నత్రజని మారడానికి 7 గ్రాములకు పైగా ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అది అయిపోతే పీహెచ్ పడిపోయి గాలి ఉన్నా పని ఆగుతుంది.

జమ్ము ఆకులు పసుపెక్కుతున్నాయి, ఏ హార్మోన్ కొట్టాలి అని ఇంకో చోట నన్ను అడిగారు. వెళ్లి ఒక మొక్క పీకి చూస్తే వేళ్లు నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన. బయటి గొట్టాన్ని ఎవరో పైకి తిప్పి వదిలేశారు, బెడ్ నెలల తరబడి నిండా మునిగి ఉంది. మట్టం దించితే కొత్త వేళ్లు తెల్లగా వచ్చాయి. హార్మోన్ అవసరమే పడలేదు. మీరూ ముందు ఒక మొక్క పీకి వేళ్ల రంగు చూడండి, ఎంత లోతుకు పోయాయో చూడండి.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మొక్కలు ఎంత ఏపుగా ఉంటే అంత నీరు ఆవిరిగా పోతుంది. ఎండాకాలంలో రోజుకు 10 మి.మీ. పోయిందనుకుంటే మీ బెడ్ నుంచి ఒక ఘనమీటరు, అంటే వచ్చే నీటిలో పదో వంతు గాల్లో కలిసిపోతుంది. అప్పుడు బరువు ఏమీ మారకపోయినా లీటరుకు 30 ఉన్నది 33గా కనబడుతుంది. అందుకని లోపలికి వచ్చే నీరు, బయటికి పోయే నీరు రెండూ కొలిచి గ్రాముల్లో లెక్క వేయండి. ఒట్టి మి.గ్రా. లెక్క చూసి మొక్కలు ఎక్కువయ్యాక శుద్ధి చెడిపోయిందనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

చివరగా తోట సంగతి. ఐబీఏలో ముంచిన దుంపల వల్ల తోటకు వచ్చే ప్రమాదం ఏమీ లేదు, ఆ కాస్త హార్మోన్ బెడ్‌లోనే విరిగిపోతుంది. రోజూ నీళ్లలో ఎన్ఏఏ లాంటి గట్టి ఆక్సిన్లు కలిపితే మాత్రం ఆలోచించాలి. టమాటా, పత్తి లాంటి వెడల్పాకు మొక్కలు కృత్రిమ ఆక్సిన్లకు, ముఖ్యంగా 2,4-డి లాంటివాటికి, అతి తక్కువ మోతాదుకే ఆకులు ముడుచుకుంటాయి. పాక్లోబ్యూట్రజోల్, యూనికొనజోల్ లాంటి పెరుగుదల తగ్గించే మందుల జోలికి అసలు పోవద్దు. డక్‌వీడ్‌లో పిండిపదార్థం పెంచడానికి యూనికొనజోల్ వాడినవాళ్లున్నారు కానీ అది వేరే లక్ష్యం, ఈ రకం మందులు మట్టిలో చాలాకాలం ఉండిపోతాయి. చాలా దేశాల్లో ఈ పెరుగుదల నియంత్రకాలన్నీ పురుగుమందుల చట్టాల కిందికే వస్తాయి, పంట మీద కొట్టడానికి అనుమతి ఉన్న మందును మురుగులో కలపడానికి ఆ అనుమతి చెల్లదు. ముంచగా మిగిలిన ద్రావణాన్ని కూడా బెడ్‌లో పారబోయకండి, కాలువలోనూ పోయకండి. దుంపలు ఎన్నో ముందే లెక్కపెట్టి అంత మేరకే కలుపుకుంటే మిగలదు. కొంచెం మిగిలితే నీళ్లు ఎక్కువ పోసి, ఏ పంటా లేని ఖాళీ మట్టి మీద చల్లేయండి.